డిస్కు బ్రేకు: గాలికి తెరిచిపెట్టిన ఇనుము

హిందూపురం నుంచి సోమందేపల్లి మీదుగా వచ్చి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే పెనుకొండ వైపు రోడ్డు వెడల్పుగా, సాఫీగా ఉంటుంది. తెలియకుండానే స్పీడోమీటరు ముల్లు వంద దగ్గరికి చేరుతుంది. 1,200 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దానిలో సుమారు 4,63,000 జౌళ్ల గతిశక్తి ఉంటుంది. గొర్రెల మంద అడ్డం వచ్చి ఒక్కసారిగా బ్రేకు తొక్కామనుకోండి. కారు ఆగుతుంది కానీ ఆ శక్తి మాయమైపోదు. అంతా వేడిగా మారుతుంది. ఆ వేడితో లీటరున్నర నీళ్లు కాచి మరిగించవచ్చు. నీళ్లు కాగడానికి పొయ్యి మీద నిమిషాలు పడుతుంది. ఇక్కడ నాలుగైదు సెకన్లలో పని ముగుస్తుంది.

బ్రేకు తొక్కినప్పుడు కారు బరువు ముందుకు తూలుతుంది కాబట్టి ఆ వేడిలో దాదాపు 70 శాతం ముందు చక్రాల మీదే పడుతుంది. ముందున్న రెండు డిస్కులూ కలిసి పది కిలోలు తూగుతాయనుకుంటే, ఆ ఒక్క ఆపుతోనే వాటి ఉష్ణోగ్రత 70 డిగ్రీలు పెరుగుతుంది. చల్లారకముందే మళ్లీ తొక్కితే మరో 70. వేగం సగానికి తగ్గితే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే ఊళ్లో తొక్కే బ్రేకుకూ హైవే మీద తొక్కే బ్రేకుకూ పుట్టే వేడిలో అంత తేడా.

చక్రాన్ని పట్టుకుని ఆపడం పెద్ద కష్టం కాదు. ఎద్దుల బండి కాలం నుంచీ మనిషికి అది తెలుసు. పట్టుకున్నప్పుడు పుట్టిన వేడిని ఎక్కడ పారబోయాలన్నదే అసలు చిక్కు. డిస్కు బ్రేకు చరిత్ర అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఇనుప పళ్లేన్ని డబ్బాలో దాచకుండా గాలిలో వదిలేయడమే దానికి దొరికిన జవాబు. గాలి తగిలితే ఇనుము చల్లబడుతుంది. అదే గాలికి, దానిలోని తేమకు తుప్పు కూడా పడుతుంది. పాత కారు చక్రం విప్పి డిస్కు మార్చాల్సి వచ్చినప్పుడు మెకానిక్ గంటల తరబడి కుస్తీ పట్టేది ఈ రెండో దానితోనే.

ఈ ఆలోచన మొదట పేటెంటుకెక్కింది 1902లో. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో కార్లు తయారుచేస్తున్న ఫ్రెడరిక్ లాంచెస్టర్ చక్రంతో పాటు తిరిగే పలుచని లోహపు పళ్లెం పెట్టి, దాన్ని రెండు వైపుల నుంచీ దవడల్లా నొక్కే ఏర్పాటు చేశాడు. ఈనాటి డిస్కు బ్రేకు సూత్రం అంతా అందులో ఉంది. లేనిది సరైన పదార్థం. ఆయన దవడలకు రాగి తొడిగాడు. రాగి, ఇనుము రాసుకుంటే చెవులు చిల్లులు పడే కీచు శబ్దం. ఆ రోజుల్లో ఇంగ్లండు రోడ్లూ ఎక్కువగా దుమ్ము రోడ్లే. దుమ్ము మధ్యలో చేరి రాగిని వేగంగా అరగదీసేది. అదే 1902లో ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ము బ్రేకును ఒక దారికి తెచ్చాడు. మూసి ఉన్న డబ్బా, లోపల బయటికి విచ్చుకునే అర్ధచంద్రాకారపు షూలు. దుమ్ము లోపలికి పోదు. ఇంకో యాభై ఏళ్ల పాటు ప్రపంచమంతా డ్రమ్ముదే రాజ్యం.

రాపిడి పదార్థం సమస్యను తేల్చింది హెర్బర్ట్ ఫ్రూడ్. 1907లో ఆయన ఆస్బెస్టాస్‌ను బ్రేకు పూతగా వాడాడు. ఆయన పేరులోని అక్షరాలకు భార్య ఎలిజబెత్ పేరులోని తొలి అక్షరం చేరిస్తే వచ్చిందే ఆయన బ్రేకు పూతల పేరు, ఫెరోడో. ఆస్బెస్టాస్ వేడికి కాలదు, దారంలా నేయవచ్చు, చవక. ఇన్ని సుగుణాలున్న ఆ రాయి పీల్చిన వాళ్ల ఊపిరితిత్తుల్లో దశాబ్దాల తర్వాత క్యాన్సరై బయటపడింది. మన ధర్మవరానికి తూర్పున, కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఈ రాతి నిక్షేపాలున్నాయి. చాలా దేశాలు దాన్ని నిషేధించాక, డిస్కును నొక్కే ప్యాడ్ల తయారీదారులు వేరే పదార్థాలు వెతుక్కున్నారు. ఇప్పటి ప్యాడులో రెసిన్, ఉక్కు లేదా ఇతర పీచు, గ్రాఫైటు, రబ్బరు, ఇంకా బోలెడు ఖనిజపు పొడులు ఉంటాయి. ఆ పొడుల్లో ముఖ్యమైనది బెరైటీస్. మన వాళ్లు ముగ్గురాయి అంటారు. ప్రపంచంలో ఒకేచోట దొరికే అతి పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి మంగంపేటలో ఉంది. ఇంటి ముందు ముగ్గుగా పడే ఆ తెల్ల పొడి వేడికి చెక్కుచెదరదు కాబట్టి ప్యాడుకు బరువూ నిలకడా ఇస్తుంది. అయినా ఒక మాట గట్టిగా చెప్పాలి. పాత బండి చక్రం విప్పగానే గాలి పైపుతో బ్రేకు మీది నల్ల దుమ్ము ఊదడం మన షెడ్లలో ఇంకా కనబడుతుంది. ఆ బండికి ఎప్పుడో ఎవరు ఏ ప్యాడ్లు వేశారో తెలియదు. తడిగుడ్డతో తుడవాలి. ఊదకూడదు.

డ్రమ్ముకు ఒక అందమైన గుణం ఉంది. తిరిగే డ్రమ్మే షూను తనవైపు లాక్కుంటుంది. కాలితో మనం కొంచెం నొక్కితే అది మిగతాది తానే నొక్కుకుంటుంది. 1917లో మాల్కం లాక్‌హీడ్ అనే అమెరికన్ బ్రేకులకు నూనె ఒత్తిడి వాడే పద్ధతికి పేటెంటు తీసుకున్నాక, 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులతో వచ్చింది. అంతదాకా రాడ్లు, తీగలతో లాగే బ్రేకుల్లో ఒక చక్రం ముందు పట్టి ఇంకొకటి తర్వాత పట్టి బండి పక్కకు లాగేసేది. నూనెలో ఒత్తిడి అన్ని చోట్లా సమానం. ఆ గొడవ తీరింది.

తీరనిది వేడి. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి, వెడల్పై, షూలకు దూరంగా జరుగుతుంది. ఘాట్ రోడ్డు దిగుతున్నకొద్దీ పెడలు లోపలికి పోతూనే ఉంటుంది, బండి ఆగదు. డిస్కు వేడెక్కితే మందం పెరిగి ప్యాడ్లకు ఇంకా దగ్గరవుతుంది. ఒకే భౌతిక సూత్రం ఒకచోట ప్రాణం తీస్తుంది, మరోచోట కాపాడుతుంది. ఈ తేడా మొదట అక్కరకు వచ్చింది విమానాలకు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో విమానాలు బరువెక్కాయి, దిగే వేగం పెరిగింది, రన్‌వే మాత్రం పెరగలేదు. డన్‌లప్ లాంటి కంపెనీలు విమానాల కోసం డిస్కు బ్రేకులను పక్వానికి తెచ్చాయి. యుద్ధం అయ్యాక అవి రోడ్డెక్కాయి.

ఇక్కడ నేను ప్రత్యేకంగా చెప్పదలచుకున్న కారు జాగ్వార్ కాదు. అమెరికాలో తయారైన క్రాస్లీ. చిన్న కారు, చవక కారు. 1949, 1950 ప్రాంతంలో వాళ్లు ఎంతో ధైర్యంగా తమ బండికి డిస్కు బ్రేకులు పెట్టారు. ఆపడంలో లోపం లేదు. అయితే అమెరికాలో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు చిమ్మి, ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ల మీద పడింది. లోహాలు తినేసుకున్నాయి, కదలాల్సినవి కదలకుండా బిగుసుకుపోయాయి. కంపెనీ మళ్లీ డ్రమ్ములకు మారింది. కొన్నవాళ్లలోనూ చాలామంది మార్పించుకున్నారు. అంటే తెరిచిన ఇనుముకు తుప్పుతో వైరం ఉంటుందని ఆ యంత్రం పుట్టిన తొలినాళ్లలోనే తేలిపోయింది.

జాగ్వార్ కథ అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా. 1953 జూన్‌లో ఫ్రాన్సులోని లె మాన్‌లో 24 గంటల పందెం. టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ నడిపిన సీ-టైప్ కారుకు డన్‌లప్ డిస్కులున్నాయి. సగటున గంటకు 170 కిలోమీటర్ల వేగంతో గెలిచారు. ఆ పందెంలో సగటు వంద మైళ్లు దాటడం అదే మొదలు. అక్కడి పొడుగాటి సరళరేఖ చివరన మలుపు వస్తుంది. డ్రమ్ముల వాళ్లు ముందే బ్రేకు తొక్కాల్సిన చోట డిస్కుల వాళ్లు ఇంకా వేగం పెంచుకుంటూ పోయారు. తెల్లవారినా వాళ్ల బ్రేకు పట్టు తగ్గలేదు. రెండేళ్లకు, 1955లో, ఫ్రెంచి కంపెనీ సిట్రోయెన్ డీఎస్ మోడలుతో ముందు డిస్కులను మామూలు కొనుగోలుదారుకు అందించింది.

మన దేశానికి ఈ మార్పు తాపీగా వచ్చింది. ప్రీమియర్ పద్మిని నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. అంబాసిడర్ కూడా ఎంతోకాలం అంతే. మారుతి 800 తరం చిన్న కార్లతోనే ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు అన్న జోడీ మనకు మామూలైపోయింది. 2019 ఏప్రిల్ నుంచి కార్లకూ, 125 సీసీ దాటిన మోటారు సైకిళ్లకూ, బ్రేకు తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరైంది. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 536 ఎకరాల్లో కట్టిన కియా ప్లాంటు ఆ ఏడాది డిసెంబరు 5న లాంఛనంగా ప్రారంభమైంది. అప్పట్లో ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యం. 2023 జులైకల్లా అక్కడి నుంచి పది లక్షలవ కారు బయటికి వచ్చింది. ఆ పది లక్షల కార్లకూ ముందు డిస్కులున్నాయి. అవన్నీ ఏదో ఒకనాడు అరుగుతాయి, ఎవరో ఒకరు విప్పాలి.

రైలుకూ ఇదే దారి. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ గుంతకల్లు–బెంగళూరు మార్గంలోనివే. ధర్మవరం జంక్షన్‌లో ప్లాట్‌ఫారం మీద నిలబడి చూస్తే తేడా కళ్లకు కడుతుంది. పాత నీలం రంగు ఐసీఎఫ్ బోగీకి బ్రేకు దిమ్మ నేరుగా చక్రం అంచునే రుద్దుతుంది. బండి ఆగుతుంటే వచ్చే ఆ మాడు వాసన దానిదే. కొత్తరకం ఎల్‌హెచ్‌బీ బోగీలకైతే ఇరుసు మీద విడిగా డిస్కులుంటాయి. ఒక్కో ఇరుసుకు రెండు, ఒక్కోటి 640 మిల్లీమీటర్ల వ్యాసం. రుద్దుడు పని డిస్కుకు అప్పజెప్పడంతో చక్రం తన పని తాను చేసుకుంటుంది.

ఇంత వేడిని మోసే ఆ పళ్లెం ఏ అరుదైన లోహమో అనుకునేరు. మామూలు బూడిదరంగు పోత ఇనుము. అందులో మూడు నుంచి నాలుగు శాతం కార్బన్ ఉంటుంది. అది పలుచని గ్రాఫైటు రేకులుగా ఇనుములో చెదిరి ఉంటుంది. ఈ రేకులు రెండు ఉపకారాలు చేస్తాయి. వేడిని వేగంగా లోపలికి లాగేస్తాయి, కంపనాన్ని మింగేస్తాయి. గట్టి ఉక్కుతో డిస్కు చేస్తే బ్రేకు తొక్కినప్పుడల్లా గంట మోగినట్టు మోగుతుంది. కొంచెం బరువైన కార్లలో డిస్కును రెండు పలకలుగా పోతపోసి మధ్యలో సన్నని సందులు వదులుతారు. చక్రం తిరుగుతుంటే ఆ సందుల్లోంచి గాలి బయటికి చిమ్ముతుంది. డిస్కు తన గాలి తానే విసురుకుంటుందన్నమాట. కొత్తదానికీ పారేయాల్సినదానికీ మందంలో తేడా సాధారణంగా రెండు మిల్లీమీటర్లు. ఆ కనీస మందాన్ని డిస్కు మీదే అచ్చు కొట్టి ఉంచుతారు. అంతకన్నా పలుచబడితే వేడిని దాచుకునే ఇనుము చాలదు, పగులు పడుతుంది. లేత్ మీద పట్టించి నునుపు చేయిస్తే సరిపోతుందని చాలామంది అడుగుతారు. గీతలు, ఎత్తుపల్లాలు పోయే మాట నిజమే. తీసేసిన ఇనుము తిరిగి రాదు. కొలిచి చూసి, కనీస మందం పైన తగినంత మిగిలితేనే ఆ పని చేయించాలి.

ఇక తుప్పు. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలు దేశంలో వాన తక్కువ పడే చోట్లలోకి వస్తాయి. ఏడాదికి ఐదారు వందల మిల్లీమీటర్లు. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే గానీ ఇనుము చురుగ్గా తుప్పు పట్టదు కాబట్టి ఇక్కడ పుట్టి పెరిగిన బండి అడుగుభాగం పదేళ్లకు కూడా బాగుంటుంది. మా బావ కారు ఇక్కడ పెరగలేదు. విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఏళ్ల తరబడి ఆరుబయట నిలబడిన సెకండ్‌హ్యాండ్ బండి. ఉప్పు గాలిలోంచి తేమను లాక్కుంటుంది, ఆ తేమను కరెంటు పారే ద్రవంగా మార్చేస్తుంది. తుప్పు పట్టడం అంటే ఒక చిన్న బ్యాటరీ నడవడమే. ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి కరుగుతుంది, పక్కన ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. విచిత్రం ఏమిటంటే గాలి బాగా తగిలే పైభాగం కన్నా, గాలి సరిగా ఆడని ఇరుకు సందుల్లోనే ఇనుము ఎక్కువ కరుగుతుంది. డిస్కుకూ, అది కూర్చునే హబ్బుకూ మధ్య, మరకూ మరకూ మధ్య ఉండేవి అలాంటి సందులే. పుట్టిన తుప్పు పోయిన ఇనుముకన్నా రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. ఖాళీ లేనిచోట అంత సామాను చేరితే ఏమవుతుంది? బిగుసుకుపోతుంది. కారు కడిగిన మర్నాడు డిస్కు మీద కనిపించే నారింజరంగు పొరకు భయపడాల్సిన పని లేదు. రెండుసార్లు బ్రేకు తొక్కితే ప్యాడ్లే గీకేస్తాయి. భయపడాల్సింది కనిపించని తుప్పుకు.

బ్రేకు తొక్కితే స్టీరింగు వణుకుతోందని ఆ కారును హిందూపురంలో ఒక షెడ్డుకు తీసుకెళ్లాం. జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, చక్రం తీశారు. డిస్కు అంచున గట్టు కట్టింది, అంటే మధ్యలో అంత అరిగింది. క్యాలిపర్ విప్పి తీగతో పైన కట్టారు. ఇది మంచి మెకానిక్ గుర్తు. క్యాలిపర్‌ను రబ్బరు పైపుకు వేలాడదీస్తే పైపు లోపల చీలుతుంది, బయటికి కనబడదు. తర్వాత డిస్కును హబ్బుకు పట్టి ఉంచే రెండు చిన్న ప్లస్ స్క్రూలు. జపాన్, కొరియా కార్లలో చాలావాటికి ఇవి ఉంటాయి. నిజానికి బండి నడుస్తున్నప్పుడు వీటికి పనేమీ లేదు. డిస్కును బిగించి పట్టేది చక్రం నట్లే. ఫ్యాక్టరీలో చక్రం ఎక్కించేదాకా డిస్కు జారిపోకుండా పట్టడానికే ఈ స్క్రూలు. అంత చిన్న పనికి పెట్టినవి పదిహేనేళ్ల తర్వాత రోజంతా తినేస్తాయి.

కుర్రాడు స్క్రూడ్రైవరు పెట్టి తిప్పబోయాడు. కొన జారింది. ప్లస్ గాడి పుట్టుకే అలాంటిది. హెన్రీ ఫిలిప్స్ 1936లో దానికి పేటెంట్లు పొందినప్పటి నుంచీ అందరూ ఎరిగిన గుణం: బలం పెరిగితే స్క్రూడ్రైవరు కొన ఏటవాలు గోడల మీదుగా పైకి ఎగదన్నుకుని వచ్చేస్తుంది. అలా రెండుసార్లు వచ్చిందంటే గాడి నున్నబడి గుంట మిగులుతుంది.

"ఒకేతూరి బలమంతా పెట్టొద్దురా. ముందర రోంత బిగించు, ఆమైన ఇప్పు" అన్నాడు మేస్త్రీ.

ఈ మాట వెనక లోతైన శాస్త్రం ఉంది. మనం బోల్టు బిగించేటప్పుడు పెట్టే బలంలో దాదాపు సగం తల కింద రాపిడికే పోతుంది. ఇంకో 40 శాతం మరల రాపిడికి. బోల్టును సాగదీసి పట్టు ఇచ్చేది మిగిలిన పదో వంతే. అంటే బోల్టును పట్టి ఉంచేదే రాపిడి. తుప్పు ఆ రాపిడిని ఎన్నో రెట్లు చేస్తుంది. విప్పే దిక్కులోనే ఒక్క ఊపుగా లాగితే తుప్పు తెగే లోపే తల తెగవచ్చు. వెంట్రుకవాసి అటూ ఇటూ కదిపితే పెళుసైన తుప్పు పొడి పొడిగా విరుగుతుంది. లోహం సాగుతుంది గానీ విరగదు. ఆ తేడా మీద ఆధారపడి చేసే పని అది.

మేస్త్రీ స్క్రూల మీద నూనె చుక్కలు వేసి, సుత్తితో డిస్కు మధ్యభాగం మీద చుట్టూ తట్టి, టీకి వెళ్లాడు. ఆ టీ విరామం సోమరితనం కాదు. మరల మధ్య సందు మిల్లీమీటరులో వందో వంతు. అంత సన్నని దారిలోకి నూనె తనంతట తాను, కేశనాళికా చర్యతో, పాకాలి. దానికి నిమిషాలు కాదు, గంటలు పడుతుంది. రాత్రంతా వదిలేయగలిగితే ఇంకా మంచిది. తిరిగొచ్చి ఇంపాక్ట్ డ్రైవరు తీశాడు. గుప్పెడు మందం ఉన్న ఉక్కు గొట్టం. వెనక సుత్తితో కొడితే లోపలి ఏటవాలు గాడి ఆ దెబ్బను కొంత తిప్పుడుగా మారుస్తుంది. తిప్పుడుతో పాటే కొనను స్క్రూలోకి దిగగొడుతుంది కాబట్టి జారే అవకాశం ఉండదు. మూడో దెబ్బకు టక్‌మని చిన్న శబ్దం. మొదటి స్క్రూ వదిలింది. గాడి అప్పటికే చెడిన రెండోదాని తలను డ్రిల్లుతో తొలిచేశారు. డిస్కు తీశాక మిగిలిన కాడను ప్లయరుతో పట్టి తిప్పితే సులువుగా వచ్చేసింది. తల కింద ఒత్తిడి పోగానే మర మీద పట్టు కూడా సడలుతుంది కదా.

స్క్రూలు పోయినా డిస్కు రాలేదు. మధ్య రంధ్రం చుట్టూ తుప్పు దాన్ని హబ్బుకు అంటించేసింది. ఇలాంటప్పుడు వెనక నుంచి సుత్తితో బాదడం చాలా షెడ్లలో అలవాటు. ఆ దెబ్బలన్నీ వెళ్లి హబ్బు బేరింగు గోళీల మీద పడతాయి. నెల తర్వాత చక్రం లోంచి గుంయ్‌మని మోత మొదలవుతుంది. పక్కనే ఏబీఎస్ సెన్సారు కూడా ఉంటుంది. చాలా డిస్కులకు తయారుచేసేవాళ్లే రెండు మరల రంధ్రాలు ఇచ్చి ఉంచుతారు. ఎక్కువగా ఎనిమిది మిల్లీమీటర్లవి. వాటిలో రెండు బోల్టులు పెట్టి, ఇటు పావు చుట్టు, అటు పావు చుట్టు బిగించుకుంటూ పోతే బోల్టు మొన హబ్బును తోస్తుంది, డిస్కు దానంతటదే బయటికి జరుగుతుంది. మేస్త్రీ అదే చేశాడు. గోధుమరంగు పొడి రాలుతూ డిస్కు చేతికొచ్చింది. ఆ రంధ్రాలు అక్కడ ఎందుకున్నాయో తెలిసిన వాడి చేతిలో సుత్తికి పని తక్కువ.

కథ మళ్లీ 1953కు వస్తుంది. లె మాన్‌లో డిస్కులు గెలిచిన ఆ ఏడే అమెరికాలో రెండు ద్రవాలు పుట్టాయి. శాన్ డియాగోలోని రాకెట్ కెమికల్ అనే చిన్న కంపెనీ అట్లాస్ క్షిపణి పైతొడుగు తుప్పు పట్టకుండా నీటిని తోసేసే ద్రవం కోసం ప్రయోగాలు చేసింది. నలభయ్యో ప్రయత్నంలో కుదిరింది కాబట్టి డబ్ల్యూడీ-40 అయింది. ఇప్పుడు ప్రతి షెడ్డులోనూ ఆ నీలం డబ్బా ఉంటుంది. అయితే అది పుట్టింది నీటిని తరమడానికి. పట్టేసిన మరలోకి పాకడానికని ప్రత్యేకంగా చేసిన నూనెలు వేరే ఉన్నాయి. ఆ పనికి అవే మెరుగు. రెండో ద్రవం దీనికి పూర్తిగా ఎదురు. కనెక్టికట్‌లోని ట్రినిటీ కాలేజీ రసాయనశాస్త్ర ఆచార్యుడు వెర్నన్ క్రీబుల్, గాలి తగిలినంతసేపూ ద్రవంగా ఉండి, గాలి ఆడని మరల మధ్యకు చేరగానే గట్టిపడే జిగురును వాడుకలోకి తెచ్చాడు. అదే లాక్‌టైట్. అదురుకు బోల్టు ఊడకుండా పట్టి ఉంచుతుంది. క్యాలిపర్ బ్రాకెట్ బోల్టులకు చాలా కంపెనీలు ఇలాంటి జిగురు పూసి పంపుతాయి.

కాబట్టి బ్రాకెట్ బోల్టు రావడం లేదంటే అది తుప్పా, జిగురా అన్నది ముందు తేల్చుకోవాలి. జిగురైతే ఎంత నూనె పోసినా దండగ. దానికి మందు వేడి. 250 డిగ్రీల దగ్గర ఆ జిగురు మెత్తబడుతుంది. తుప్పు మీద వేడి ఇంకో రకంగా పనిచేస్తుంది. 12 మిల్లీమీటర్ల ఉక్కు 300 డిగ్రీలు వేడెక్కితే వ్యాసం 0.04 మిల్లీమీటర్లు పెరుగుతుంది. చాలా తక్కువ అనిపిస్తుంది కానీ తుప్పు పొరను పగలగొట్టడానికి అది చాలు. బోల్టును కాక, దాని చుట్టూ ఉన్న లోహాన్ని వేడి చేయాలి. చుట్టూ ఉన్నది వ్యాకోచిస్తే రంధ్రం పెద్దదవుతుంది. వేడి మీద ఉండగానే మైనపు వత్తి తాకిస్తే కరిగిన మైనం నూనె పోలేని సందుల్లోకి జారుతుంది. గ్యాసు మంట పట్టేముందు రబ్బరు పైపు, బేరింగు సీలు, సెన్సారు తీగ ఎక్కడున్నాయో చూసుకోవాలి. క్లోరిన్ ఉన్న బ్రేకు క్లీనరు చల్లినచోట మాత్రం మంట పెట్టనే కూడదు. ఆ ఆవిరి కాలితే ఫాస్‌జీన్ పుడుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల మీద వదిలిన విషవాయువు అదే.

బిగించడంలోనే అసలు నాణ్యత తెలుస్తుంది, మన దగ్గర తొందరపడేదీ అక్కడే. మా బావ కారు వణుకు దేనివల్ల వచ్చింది? డిస్కు వంగిపోయిందని అందరూ అంటారు. ఎక్కువసార్లు జరిగేది అది కాదు. డిస్కు మందం చుట్టూ సమానంగా లేకపోవడం, ఒక్కోచోట ఒక్కోలా ప్యాడు పదార్థం అంటుకోవడం దానికి కారణాలు. అవి ఎలా మొదలవుతాయి? హబ్బు మీద ఒక తుప్పు పొలుసు మిగిలిపోతే డిస్కు వెంట్రుకంత పక్కకు ఒరిగి కూర్చుంటుంది. కంపెనీలు ఒప్పుకునే ఒరుగు సుమారు 0.05 మిల్లీమీటర్లు. హబ్బు దగ్గర ఉన్న ఒరుగు డిస్కు అంచుకు వచ్చేసరికి ఇంకా పెరుగుతుంది. ప్రతి చుట్టుకూ అదే చోట ప్యాడు ఒరుసుకోవడంతో వేల కిలోమీటర్ల తర్వాత డిస్కు అక్కడ పలుచబడుతుంది. అప్పుడు మొదలవుతుంది వణుకు. మేస్త్రీ వైరు బ్రష్షుతో హబ్బును తెల్లని లోహం కనిపించేదాకా తోమించాడు. కుర్రాడికి విసుగొచ్చినా వదల్లేదు. వేలితో తడిమి చూసి, మళ్లీ ఒకసారి తోమమన్నాడు. తర్వాత హబ్బు మధ్యభాగానికి మాత్రం వేడికి ఆగే గ్రీజు పలుచగా రాశాడు. కొత్త డిస్కుకు తుప్పు పట్టకుండా పూసి పంపిన నూనెను సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాడు. క్యాలిపర్ జారే పిన్నులు బయటికి లాగి, తుడిచి, రబ్బరుకు సరిపడే గ్రీజు రాశాడు. ఈ పిన్ను పట్టేస్తే ఒక ప్యాడు అరిగిపోతుంది, రెండోది కొత్తగా ఉండిపోతుంది. డిస్కులు ఎప్పుడూ జతగా మార్చాలన్న నియమం ఆయన చెప్పకుండానే పాటించాడు. చక్రం నట్లను పైపు తగిలించిన స్పానరుతో కాకుండా టార్క్ రెంచితో, ఎదురెదురుగా బిగించాడు. ఒకవైపే గట్టిగా లాగితే ఇంత తోమిన హబ్బు మీద డిస్కు మళ్లీ ఒరుగుతుంది.

లేపాక్షి రోడ్డు మీదికి తీసుకెళ్లి గంటకు యాభై, అరవై నుంచి పదికి తగ్గేలా మెల్లగా బ్రేకు తొక్కుతూ, మధ్యలో చల్లారనిస్తూ కొన్నిసార్లు నడిపాం. ప్యాడులోని పదార్థం డిస్కు మీద సమానమైన పలుచని పొరగా పరుచుకోవాలి. ఆ పొర ఏర్పడ్డాకే పూర్తి పట్టు వస్తుంది. ఈలోపు గట్టిగా తొక్కి, కాలు తీయకుండా నిలిపేస్తే ప్యాడు ఆకారం డిస్కు మీద ముద్రపడి కొత్త వణుకు మొదలవుతుంది.

బ్రేకు నూనె మాట కూడా చెప్పాలి. అది గాలిలోంచి తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ చేరిన నూనెకు ఆ హద్దు 155 డిగ్రీలే. అంత వేడికి మరిగితే పైపుల్లో బుడగలు చేరి పెడలు మెత్తగా కూరుకుపోతుంది. ఎంత మంచి డిస్కు ఉన్నా లాభం ఉండదు. రెండేళ్లకోసారి మార్చడం డిస్కుల ఖర్చుతో పోలిస్తే ఏమంత కాదు.

ఇప్పుడు ఈ యంత్రం ఇంకో మలుపు దగ్గర ఉంది. విద్యుత్ కారు వేగం తగ్గించేటప్పుడు మోటారే జనరేటరుగా మారి ఎక్కువ శక్తిని బ్యాటరీకి తిరిగి పంపుతుంది. 2025లో కియా మన దేశంలోనే తయారుచేసిన తన తొలి విద్యుత్ కారును అమ్మకానికి తెచ్చింది. ఇలాంటి బండ్లలో డిస్కుకు పని బాగా తగ్గిపోతుంది. పని లేని డిస్కును ప్యాడు గీకదు, గీకకపోతే తుప్పు పేరుకుంటుంది. అరుగుదల వల్ల కాకుండా వాడకం లేక డిస్కులు పాడవుతున్నాయి. అందుకే ఫోక్స్‌వ్యాగన్ తన ఐడీ.3, ఐడీ.4 విద్యుత్ కార్లకు వెనక చక్రాల్లో మళ్లీ మూసి ఉన్న డ్రమ్ములే పెట్టింది. వేడి తక్కువైనప్పుడు గాలికి తెరిచి ఉంచాల్సిన అవసరం కూడా తగ్గుతుంది కదా. మరోవైపు యూరప్‌లో యూరో 7 నిబంధనలు పొగగొట్టంతో పాటు బ్రేకు నుంచి రాలే ధూళికి కూడా తొలిసారి హద్దు పెట్టాయి. దాంతో డిస్కు మీద గట్టి కార్బైడు పూతలు వేసే ప్రయత్నాలు ఊపందుకున్నాయి. ఆ పూతలకు అరుగుదల తక్కువ, తుప్పు కూడా తక్కువే. విద్యుత్ కారు కొన్నవాళ్లు మాత్రం వారానికి ఒకసారైనా, వెనక ఎవరూ లేని చోట చూసుకుని, శక్తిని బ్యాటరీకి తిరిగి పంపే రీజెన్‌ను తగ్గించి పెడలుతో గట్టిగా బ్రేకు తొక్కాలి. పైన తుప్పును ప్యాడ్లు తుడిచేస్తాయి. చక్రాలు అటూ ఇటూ మార్పించినప్పుడల్లా హబ్బును తోమించి, ఆ రెండు చిన్న స్క్రూలను ఒకసారి విప్పించి, మరకు కొంచెం గ్రీజు రాయించి తిరిగి పెట్టించాలి. వాటిని మళ్లీ గట్టిగా బిగించాల్సిన పని లేదు.